ఇంటి గేట్‌వేకు దూరద్వారం: తాళంచెవులు ఎవరి పేరున ఉన్నవి?

బెంగళూరు నగరంలో హలసూరు గేట్ అనే పేరుతో ఒక పోలీస్ ఠాణా ఉన్నది. అక్కడికి వెళ్ళి గేటు కోసం వెదికినవారికి ఏ గేటూ కనబడదు. కెంపేగౌడ 16వ శతాబ్దంలో నెలకొల్పిన పేట చుట్టూ ఒకప్పుడు కోటగోడ, ఆ గోడకు ద్వారాలు ఉండేవి. హలసూరుకు పోయే దారి మీది ద్వారం హలసూరు ద్వారం. 1791 మార్చిలో కారన్‌వాలిస్ సేనలు పేటలోనికి చొరబడినది ఆ ద్వారం గుండానే. తరువాతి కాలంలో గోడ పోయింది, ద్వారం పోయింది, పేరు మాత్రం నిలిచింది. గోడ ఎంత మందంగా ఉన్నా శత్రువు వెదికేది ద్వారాన్నే అని ఆ పేరు గుర్తుచేస్తూ ఉంటుంది.

ఈనాడు ఈ నగరంలో ఇంటింటికీ అటువంటి ద్వారం ఒకటి ఉన్నది. గోడకు మేకు కొట్టి తగిలించినదో, టీవీ బల్ల వెనుక దుమ్ము పట్టి ఉన్నదో, చిన్న చిన్న దీపాలతో మిణుకుమనే పెట్టె అది. కొందరు దానిని మోడెమ్ అంటారు, కొందరు రూటర్ అంటారు, చాలామంది వైఫై బాక్స్ అంటారు. సాంకేతిక పరిభాషలో దాని పేరు గేట్‌వే. ఒక పక్క ఇంటిలోని ఫోన్లు, కంప్యూటర్లు, కెమెరాలు. మరొక పక్క లోకమంతా. రెంటి నడుమ రాకపోకలన్నీ ఆ పెట్టె గుండానే సాగుతాయి. ఆ పెట్టెను ఎక్కడో దూరాన కూర్చుని, అక్షరాలలో టైపు చేసే ఆదేశాలతో నడిపించే మార్గాన్ని కమాండ్ లైన్ ప్రవేశం అంటారు. దానిని సక్రమంగా అమర్చుకొనే తీరు ఈ ప్రసంగ విషయం.

ఇది ఇంజనీర్లకు మాత్రమే పనికివచ్చే విషయమని తోచవచ్చు. కాని అపార్ట్‌మెంటు సంఘాలలోను, పీజీ వసతి గృహాలలోను, సొంత ఊళ్ళలోని తల్లిదండ్రుల ఇళ్ళలోను గేట్‌వే చూసుకొనే భారం ఎవరో ఒక తెలిసిన అబ్బాయి మీదనో అమ్మాయి మీదనో పడుతున్నది. ఆ పని చేసేవారూ చేయించుకొనేవారూ ఇద్దరూ పౌరులే. అందువలన ఇది పౌర విషయం.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కొడుకు కె.ఆర్.పురంలో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిదండ్రులు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరాన అనంతపురంలో ఉన్నారు. తండ్రికి వైద్యుని సలహా వీడియో కాల్ ద్వారా అందుతున్నది. సరిగ్గా ఆ వేళకు తల్లి ఫోన్ చేస్తుంది: "నాయనా, పెట్టెలో లైట్లన్నీ వెలుగుతానే ఉండాయి, మీ నాయన ఫోన్‌కు నెట్ మాత్రం రావడం లే." కొడుకు అంటాడు: "అమ్మా, నువ్వేమీ ముట్టుకోవద్దు, నేను చూస్తా." అతడు బెంగళూరు నుంచే ఆ పెట్టెలోనికి ప్రవేశించి, ఇంటిలోని ఏ పరికరానికి ఏ చిరునామా అందినదో చూసి, వైఫై విభాగాన్ని మాత్రం మళ్ళీ ప్రారంభిస్తాడు. పని జరిగిపోతుంది. తీగ తెగినప్పుడు, కరెంటు పోయినప్పుడు ఈ మార్గం సాయపడదు. తీగ బాగుండి లోపలి అమరిక చెడినప్పుడు మాత్రం ఇంతకు మించిన సాయం మరొకటి లేదు.

అయితే కొడుకు ప్రవేశించిన ఆ ద్వారం గుండానే అపరిచితుడు ప్రవేశిస్తే? ఆ ఇంటివారు బ్యాంకు చిరునామా టైపు చేసినప్పుడు వారిని నకిలీ పేజీకి మళ్ళించగలడు. ఇంటిలోని కెమెరాల దాకా దారి చేసుకోగలడు. ఆ పెట్టెను సాధనంగా చేసుకొని ఇతరుల మీద దాడి చేయగలడు. అప్పుడు విచారణకు వచ్చేవారు ముందుగా చూసేది ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉన్నది అనే విషయాన్నే. అనంతపురంలోని ఆ ఇంటిలో అది తండ్రి పేరున ఉంటుంది.

తెలుగువారికి ఒక సామెత ఉన్నది: తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని. వైఫైకి పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకున్నవారు కూడా గేట్‌వేను నిర్వహించే పాస్‌వర్డ్‌ను కర్మాగారం నుంచి వచ్చినది వచ్చినట్లే వదలివేస్తూ ఉంటారు. ఈ రెండూ వేరు వేరని చాలామందికి తెలియదు. మొదటిది ఇంటిలోని నెట్‌ను వాడుకొనేందుకు, రెండవది ఆ పెట్టెను ఏలేందుకు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కేవలం 60 పైచిలుకు కర్మాగారపు పేర్లు, పాస్‌వర్డ్‌ల జాబితాతో లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొన్నది. ఆ సంవత్సరం అక్టోబరు 21న అటువంటి పరికరాల సేన ఒక పెద్ద నామసేవా సంస్థ మీద విరుచుకుపడగా అమెరికాలో ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి.

దూరదేశపు ముచ్చట అని కొట్టివేయడానికి వీలులేదు. 2017 జూలై చివరలో ఈ కర్ణాటకలోనే భారత్ సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు మాల్‌వేర్ దాడికి లోనై పనిచేయడం మానివేశాయి. అటువంటి మోడెములు 60,000 దాకా ఉన్నట్లు నాటి పత్రికలు రాశాయి. కర్మాగారపు పాస్‌వర్డ్ మార్చని పరికరాలే దెబ్బతిన్నాయని, వినియోగదారులు వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవాలని సంస్థ ప్రకటించింది. ఆ పెట్టెల తలుపులను ఎవరూ పగులగొట్టలేదు. గొళ్ళెం వేయని తలుపులను తోసివేశారు, అంతే.

దూరం నుంచి యంత్రాన్ని నడిపే తొలి మార్గాలలో ప్రసిద్ధమైనది టెల్‌నెట్. 1969లో పుట్టిన ఆ పద్ధతిలో పేరు, పాస్‌వర్డ్, ఆదేశాలు అన్నీ పోస్టుకార్డు మీది రాతవలె బాహాటంగా ప్రయాణిస్తాయి. దారిలో ఉన్నవారెవరైనా చదువవచ్చు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలింపబడగా, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ సెక్యూర్ షెల్ అనే కొత్త పద్ధతిని రచించి ఆ సంవత్సరం జూలైలో లోకానికి విడుదల చేశాడు. దానినే ఎస్‌ఎస్‌హెచ్ అంటారు. అప్పటికే ఫైళ్ళ బదిలీ పద్ధతికి 21వ పోర్టు, టెల్‌నెట్‌కు 23వ పోర్టు ఉండేవి. నడుమ ఖాళీగా ఉన్న 22వ సంఖ్యను ఆయన అడిగి తీసుకొన్నాడు. ఈనాటికీ ఎస్‌ఎస్‌హెచ్ సహజ స్థానం 22వ పోర్టే. గేట్‌వేలో టెల్‌నెట్ అనే అమరిక కనబడితే దానిని మూసివేయడం మొదటి పని.

ఎస్‌ఎస్‌హెచ్ గొప్పతనం రహస్యంగా మాట్లాడడంలో మాత్రమే లేదు. అది రెండు వైపులా గుర్తింపును కోరుతుంది. ఈ సంగతి తెలుగు శ్రోతలకు రామాయణం ద్వారా సులభంగా బోధపడుతుంది. అశోకవనంలో హనుమంతుడు ఎదురైనప్పుడు సీత అతనిని వెంటనే నమ్మలేదు. వానర రూపంలో వచ్చినవాడు రావణుడేమో అని శంకించింది. రాముని ఉంగరం చూసిన తరువాతనే ఆమెకు నమ్మకం స్థిరపడింది. తిరుగు ప్రయాణంలో ఆమె చూడామణిని ఇచ్చి పంపింది. దూత నిజంగా తనను చూసి వచ్చినట్లు రాముడు నమ్మడానికి అది ఆనవాలు. వచ్చినవారెవరో లోపలివారికి తెలియాలి. చేరినది సరైన చోటికే అని పంపినవారికీ తెలియాలి.

ఎస్‌ఎస్‌హెచ్‌లో చూడామణి వంటిది గేట్‌వే తన గుర్తింపుగా చూపే వేలిముద్ర. మొట్టమొదటిసారి ప్రవేశించినప్పుడు తెర మీద కొన్ని అక్షరాలు, అంకెలు కనబడి, ఈ యంత్రాన్ని నమ్మవచ్చునా అనే ప్రశ్న వస్తుంది. చాలామంది చదువకుండానే అవును అని టైపు చేస్తారు. అలా చేయరాదు. గేట్‌వే పక్కనే ఉన్నప్పుడు, ఇంటి తీగ ద్వారా మొదటిసారి ప్రవేశించి, ఆ వేలిముద్రను కాగితం మీద రాసుకోవాలి. తరువాత ఎప్పుడైనా గుర్తింపు మారిపోయినదని హెచ్చరిక వస్తే దానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉండవచ్చు: ఇంటిలో ఎవరైనా రీసెట్ బటన్ నొక్కి ఉండాలి, లేదా దారిలో మరొకరు గేట్‌వే వేషం వేసి నిలిచి ఉండాలి. అటువంటప్పుడు ముందుకు సాగకుండా ఇంటికి ఫోన్ చేసి అడగడం ఉత్తమం.

ఇక ఉంగరం వంటిది ప్రవేశించేవారి తాళంచెవి. పాస్‌వర్డ్ కంటే మేలైన ఈ పద్ధతిలో కంప్యూటర్ ఒక జంటను తయారు చేస్తుంది. అందులో ఒకటి పబ్లిక్ కీ, మరొకటి ప్రైవేట్ కీ. పబ్లిక్ కీ తాళం కప్ప వంటిది. దానిని ఎవరికి చూపినా నష్టం లేదు. గేట్‌వేకు తగిలించవలసినది అదే. ప్రైవేట్ కీ ఆ కప్పను తెరిచే చెవి. అది యజమాని కంప్యూటర్‌ను దాటి బయటికి పోరాదు. ఎస్‌ఎస్‌హెచ్ ఆ చెవిని గేట్‌వేకు పంపకుండానే, చెవి తన వద్ద ఉన్నదని గణితం ద్వారా రుజువు చేస్తుంది. అందుచేత దారిలో పొంచి ఉన్నవారికి దొంగిలించడానికి ఏమీ దొరకదు.

అమరిక క్రమం ఇది. ముందుగా, గేట్‌వే ఎవరిదో తేల్చుకోవాలి. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పెట్టెలలో చాలావాటికి వినియోగదారులకు ఎస్‌ఎస్‌హెచ్ సౌకర్యం ఉండదు. అటువంటి చోట ఆ పెట్టెను బలవంతంగా తెరిచే ప్రయత్నం మాని, దాని వెనుక సొంత రూటర్‌ను అమర్చుకోవడం మంచిది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో ఈ సౌకర్యం పుట్టుకతోనే ఉంటుంది. అందులో ఎస్‌ఎస్‌హెచ్ పనిని డ్రాప్‌బేర్ అనే చిన్న ప్రోగ్రామ్ నిర్వహిస్తుంది. కొత్తగా ఎక్కించిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో రూట్ అనే సర్వాధికారికి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి, మరే పని చేయకముందే దానిని పెట్టుకోవాలి. ఫర్మ్‌వేర్‌ను తాజా వెర్షన్‌కు మార్చుకోవడం కూడా ఈ దశలోనే జరగాలి.

రెండవ దశలో సొంత కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆదేశంతో కీల జంటను తయారు చేసుకోవాలి. ఈడీ25519 అనే రకం చిన్నది, గట్టిది. దాని పబ్లిక్ కీ ఒక్క పంక్తిలో ఇముడుతుంది. పాత గేట్‌వేలు దానిని గుర్తించకపోతే ఆర్‌ఎస్‌ఏ రకాన్ని వాడవచ్చు. తయారీ సమయంలో అడిగే రహస్య వాక్యాన్ని ఖాళీగా వదలరాదు. ల్యాప్‌టాప్ పోయినా చెవి వెంటనే పరుల పాలు కాకుండా కాపాడేది ఆ వాక్యమే.

మూడవ దశలో ఆ పబ్లిక్ కీని గేట్‌వే నిర్వహణ పేజీలో, ఎస్‌ఎస్‌హెచ్ కీలకు కేటాయించిన చోట చేర్చాలి. తరువాత తొందరపడి పాస్‌వర్డ్ ప్రవేశాన్ని మూసివేయకూడదు. అప్పటికే తెరిచి ఉన్న విండోను అలాగే ఉంచి, రెండవ విండోలో కీతో ప్రవేశించి చూడాలి. లోపలికి పోగలిగిన తరువాతనే పాస్‌వర్డ్‌తో ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశాన్ని రద్దు చేయాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించనివారు తమ ఇంటికి తామే వెలుపల నిలువవలసి వస్తుంది.

నాలుగవ దశ అన్నిటిలోకీ ముఖ్యమైనది. ఎస్‌ఎస్‌హెచ్‌ను ఇంటి వైపు మాత్రమే వినేటట్లు అమర్చాలి. 22వ పోర్టును లోకం వైపు తెరిచి పెడితే, పాస్‌వర్డ్‌లు ఊహించి ప్రయత్నించే యంత్రాలు త్వరలోనే తలుపు తట్టడం మొదలుపెడతాయి. పోర్టు సంఖ్య మార్చినంత మాత్రాన వాటి రద్దీ తగ్గుతుందే తప్ప ప్రమాదం తొలగదు. దూరం నుంచి రావడానికి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ దారిని ముందుగా వేసుకొని, ఆ దారి గుండా ఇంటి వైపు చేరి, అక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌ను వాడాలి. తెలియనివారు తలుపు తడితే వైర్‌గార్డ్ లోపల మనిషి ఉన్నట్లు కూడా తెలియనీయదు. సరైన కీ ఉన్నవారికి మాత్రమే బదులు పలుకుతుంది.

ఇక్కడ భారతదేశంలోని వినియోగదారులకు తరచు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. చిరునామాల కొరత వలన ఎన్నో ఇంటర్నెట్ సంస్థలు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బహిరంగ చిరునామాను ఇస్తున్నాయి. గేట్‌వేలో కనబడే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు గల సంఖ్యలతో మొదలైతే ఆ ఇల్లు అటువంటి ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నదని అర్థం. అప్పుడు బయటి నుంచి నేరుగా లోపలికి రావడం కుదరదు. సంస్థను అడిగి స్థిర చిరునామా తీసుకోవడమో, ఐపీవీ6 ద్వారా రావడమో, అద్దెకు తీసుకొన్న చిన్న సర్వర్ వద్ద రెండు వైపులా కలుసుకొనేటట్లు వీపీఎన్ అమర్చుకోవడమో చేయాలి.

దూరం నుంచి పనిచేసేవారికి ఎదురయ్యే మరొక ఆపద, కూర్చున్న కొమ్మను నరుక్కోవడం. ఫైర్‌వాల్ నియమం ఒకటి తప్పుగా రాస్తే తాము వచ్చిన దారే మూసుకుపోతుంది. అందుకే మార్పుకు ముందు అమరిక అంతటినీ బ్యాకప్ తీసి ఉంచుకోవాలి. పది నిమిషాలలో పాత అమరిక తనంతట తాను తిరిగి వచ్చేటట్లు ముందే ఒక ఆదేశం పెట్టి, పని సవ్యంగా జరిగినదని తేలిన తరువాత ఆ ఆదేశాన్ని రద్దు చేసుకోవాలి. అనంతపురంలోని తండ్రికి వైద్యుని సలహా ఉన్న రోజున ఇటువంటి ప్రయోగాలు చేయకపోవడం ఇంకా మంచిది.

సొంత ఇంటికి ఇంత జాగ్రత్త చాలు. పదిమంది కలిసి వాడుకొనే గేట్‌వేకు ఇది చాలదు. బెంగళూరులో ఇంటి అద్దె ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాసుకొంటారు. ఒకరు ఖాళీ చేస్తే మరొకరు చేరతారు. వెళ్ళేవారి నుంచి ఇంటి తాళంచెవులు లెక్కపెట్టి తీసుకొంటారు, పార్కింగ్ కార్డు తీసుకొంటారు. గేట్‌వేలో వారి పబ్లిక్ కీ మాత్రం అలాగే ఉండిపోతుంది. కెమెరాలు బిగించి వెళ్ళిన మెకానిక్‌దీ అంతే, మూడేళ్ళ క్రితం సంఘం కార్యదర్శిగా ఉన్నవారిదీ అంతే. వారిలో ఎవరూ చెడ్డవారు కాకపోవచ్చు. వారి పాత ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నదో ఎవరు చెప్పగలరు? అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడే చోట పరిస్థితి మరింత కష్టం. ఏదైనా జరిగిన నాడు లోపలికి వచ్చినదెవరో తేల్చడం అసాధ్యం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దలు ఊరకే అనలేదు.

కాబట్టి ప్రతి సంఘమూ ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. అందులో నాలుగు గడులు చాలు: కీ ఎవరిది, ఎప్పుడు చేర్చారు, ఏ పని కోసం చేర్చారు, ఎప్పుడు తీసివేశారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కీ. ఇద్దరికి ఉమ్మడి కీ ఉండరాదు. కీ చివర వ్యాఖ్య రాసుకొనే వీలు ఉంటుంది. అక్కడ యజమాని పేరు రాయాలి. మూడు నెలలకొకసారి పుస్తకాన్ని, గేట్‌వేలోని జాబితాను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. పుస్తకంలో పేరు లేని కీ గేట్‌వేలో కనబడితే దానిని తొలగించి, ఎందుకు వచ్చినదో విచారించాలి. కంప్యూటర్ తెలియని సభ్యులు కూడా ఈ సరిచూపులో కూర్చోవచ్చు, కూర్చోవాలి. ఆ పుస్తకం చదవడానికి అక్షరాలు వస్తే చాలు.

గేట్‌వే గడియారం భారత కాలమానానికి సరిపోయి ఉండాలి. లేకపోతే లాగ్‌లోని సమయాలు విచారణకు పనికిరావు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు, సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటలలోపు తెలియజేయాలని చెబుతున్నాయి. అపార్ట్‌మెంటు సంఘాలు దానిని తమకు ఆదర్శంగా తీసుకోవచ్చు.

చట్టం మాట కూడా గుర్తుంచుకోవాలి. యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోనికి ప్రవేశించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ ప్రకారం తప్పు. అది దురుద్దేశంతో జరిగితే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పొరుగువారికి సాయం చేయబోయేవారు సైతం ముందుగా అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవడం ఉభయులకూ క్షేమం. పరికరాలకు మాల్‌వేర్ సోకినదని అనుమానం ఉంటే సెర్ట్-ఇన్ నడుపుతున్న సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత సాధనాలను అందిస్తుంది. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

దూరం నుంచి ద్వారం తెరుచుకోవడంలో తప్పు లేదు. ఊరు విడిచి నగరం చేరినవారికి అది కన్నవారి ఇంటికి వేసుకొన్న దారి. ఆ దారికి ఎన్ని తాళంచెవులు ఉన్నవో, అవి ఎవరి పేరున ఉన్నవో, ఎవరు వెళ్ళిపోయినప్పుడు ఏది తీసివేయాలో తెలియకపోవడమే తప్పు. ఈ వారాంతంలో ప్రతి ఇంటివారూ, ప్రతి సంఘంవారూ తమ గేట్‌వే ముందు ఒక అరగంట కూర్చుని, కర్మాగారపు పాస్‌వర్డ్ ఇంకా ఉన్నదేమో చూసుకొని, లోపల ఉన్న కీలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలిచి చూడాలి. పలకని పేరు ఏదైనా ఉంటే దానిని ఆ రోజే తీసివేయాలి.